గిర్ సింహాలు: లెక్క పెరిగింది, చోటు మాత్రం ఒక్కటే

(ప్రకృతి ప్రేమికుల సమావేశంలో ఒక రిటైర్డ్ జువాలజీ మాస్టారు చేసిన ప్రసంగం, రికార్డింగ్ నుంచి రాసినది)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో వాళ్ళకి వినపడుతోందా? మైకు కాస్త గురగురమంటోంది. ఫర్వాలేదు, సింహాల గురించి మాట్లాడటానికే వచ్చాను కాబట్టి అదీ పనికొస్తుంది. (నవ్వులు)

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఫారెస్ట్ ఆఫీసర్‌ని కాను. పిల్లలకి జువాలజీ చెప్పి చెప్పి రిటైరైనవాణ్ణి. గిర్‌కి మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ సొంత డబ్బుతోనే, ఇంట్లో తిట్లు తినే. కాబట్టి నా మాటల్లో ఎక్కడైనా మాస్టారి పెత్తనం కనిపిస్తే సర్దుకుపొండి.

చిన్న లెక్కతో మొదలుపెడతాను. గుజరాత్‌లోని గిర్ అడవిలో 1968లో సింహాలను లెక్కపెడితే 177 తేలాయి. 1990లో 284. 2010లో 411. 2015లో 523. 2020లో 674. మొన్న 2025 మే నెలలో 891. వింటుంటే చప్పట్లు కొట్టాలనిపిస్తోంది కదా? కొట్టండి, తప్పేం లేదు. (చప్పట్లు) పులి, చిరుత, చీతా, ప్రపంచంలో చాలా చోట్ల వీటి కథ తరిగిపోయిన కథే. అలాంటిది యాభై అరవై ఏళ్ళలో ఒక జంతువు అయిదింతలు అయిందంటే చిన్న విషయం కాదు.

కానీ నన్ను ఆ లెక్క కన్నా ఇంకో ప్రశ్న ఎక్కువ తొలిచేస్తూ ఉంటుంది. ఈ 891 ఎక్కడున్నాయి? జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు. సౌరాష్ట్రలో. ఆఫ్రికా బయట, ప్రపంచం మొత్తం మీద, అడవిలో బతికే సింహం ఉన్నది ఆ ఒక్క మూలే. సింహాచలం మనది, అహోబిలం మనది, యాదగిరిగుట్ట మనది, మంగళగిరి మనది. నరసింహం అని పేరున్నవాడు లేని ఊరు మనకి లేదు. ఈ హాల్లోనే నలుగురైదుగురు ఉంటారు. (నవ్వులు) మన రూపాయి మీద సింహాలే, ప్రభుత్వ ముద్ర మీద సింహాలే. అసలు సింహం మాత్రం ఒక్క చోట మిగిలింది.

ఒకప్పుడు ఇలా లేదు. సిరియా, టర్కీ దగ్గర మొదలుపెట్టి ఇరాక్, ఇరాన్ మీదుగా మన బీహార్ దాకా సింహాలు తిరిగేవి. మొఘల్ చక్రవర్తులు వేటాడారు, రాజులు వేటాడారు, తర్వాత తెల్లదొరలు తుపాకులు తెచ్చి వేటాడారు. పులి దట్టమైన అడవిలో దాక్కోగలదు. సింహం మెట్ట భూముల్లో, గడ్డి మైదానాల్లో, గుంపుగా, పగలే కనపడేలా పడుకునే జంతువు. తుపాకీ ముందు అంత తేలికైన గురి ఇంకోటి ఉండదు. పంతొమ్మిదో శతాబ్దం అయ్యేసరికి మన దేశంలో మిగతా చోట్లన్నిటా అయిపోయింది. ఇరాన్‌లో కూడా 1940ల తర్వాత కనపడలేదు.

మరి గిర్‌లో ఎందుకు మిగిలింది? ఇక్కడ కథ కొంచెం రంజుగా ఉంటుంది.

గిర్ అప్పట్లో జునాగఢ్ సంస్థానంలో ఉండేది. 1900లో వైస్రాయ్ లార్డ్ కర్జన్ జునాగఢ్ వచ్చాడు. వైస్రాయ్ వస్తే సింహం వేట ఏర్పాటు చెయ్యడం మర్యాద. అప్పటికే ఆ ప్రాంతంలో ఘోరమైన కరువు. మిగిలినవి డజను సింహాలే అన్న మాట కర్జన్ చెవిన పడింది. ఆయన వేట మానుకున్నాడు, ఉన్నవాటిని కాపాడమని నవాబు రసూల్ ఖాన్‌జీకి సలహా కూడా ఇచ్చాడు. ఆ డజను లెక్క నిజమేనా అంటే, చాలామంది కావాలనే తగ్గించి చెప్పారంటారు. ఎందుకంటే, పెద్ద దొర వస్తే ఒక సింహం, చిన్న దొర వస్తే ఒక సింహం ఇచ్చుకుంటూ పోతే ఇంకేం మిగులుతాయి? "అయ్యా, మా దగ్గర లేవండీ" అనడం కన్నా మర్యాదైన దారి ఏముంది? ఇది నా ఊహ కాదు గానీ, నాకు బాగా నచ్చిన ఊహ. (నవ్వులు)

తర్వాత వచ్చిన ఆఖరి నవాబు మహాబత్ ఖాన్. ఆయనకి కుక్కలంటే పిచ్చి. వందల కుక్కల్ని సాకాడనీ, ఒక కుక్కకి పెళ్ళి కూడా చేశాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. 1947లో ఆయన పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. కానీ ఆయన హయాంలోనే, 1936లో, సింహాలను లెక్కిస్తే 287 ఉన్నాయి. కుక్కల నవాబే సింహాలను కూడా కాపాడాడు. ఈ కుక్కల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

స్వాతంత్ర్యం వచ్చాక 1965లో గిర్‌ని అభయారణ్యం చేశారు. 1975లో మధ్యలోని భాగాన్ని నేషనల్ పార్కు చేశారు. రెండూ కలిపి సుమారు 1,412 చదరపు కిలోమీటర్లు, అందులో నేషనల్ పార్కు 258 చిల్లర. తేడా ఏమిటంటే, నేషనల్ పార్కులో పశువులు మేపడం, మనుషులు కాపురం ఉండటం కుదరదు. చుట్టూ ఉన్న అభయారణ్యంలో కొంత వీలుంది.

నేను మొదటిసారి వెళ్ళింది మార్చిలో. గిర్ పడమటి సగం అంతా టేకు. మార్చి వచ్చేసరికి ఆకులు రాలిపోయి నేలంతా గోధుమరంగు పరుపు పరిచినట్టుంటుంది. తెల్లవారుజామున జీపెక్కాం, చలికి పళ్ళు టకటకలాడుతున్నాయి. గంటన్నర తిరిగాం, జింకలు తప్ప ఏం లేవు. మధ్యలో గైడు జీపు ఆపించి, "సావజ్" అన్నాడు మెల్లగా. వాళ్ళు సింహాన్ని సావజ్ అంటారు. నేను కళ్ళు చించుకుని చూశాను. ఎండుటాకుల కుప్ప తప్ప ఏం లేదు. "ఎక్కడయ్యా?" అన్నాను. ఆ ఆకుల కుప్పకి ఒక చెవి ఉంది. ఆ చెవి కదిలింది. (నవ్వులు) తర్వాత ఇంకో చెవి. అలా లెక్కపెడితే మొత్తం నాలుగు. పదిహేను అడుగుల దూరంలో రెండు ఆడసింహాలు పడుకుని ఉంటే, జువాలజీ మాస్టారికి కనపడలేదు.

వాటిలో ఒకటి లేచి ఒళ్ళు విరుచుకుంది. పొట్ట కింద పొడుగునా వేలాడే చర్మం మడత ఒకటి కనిపించింది. ఆసియా సింహానికి అదొక గుర్తు. ఆఫ్రికా సింహాల్లో ఆ మడత అంతగా కనపడదు. మగదానికి జూలు పలచగా ఉంటుంది కాబట్టి చెవులు బయటికి కనపడతాయి. సినిమా టైటిల్స్‌లో మనం చూసే నల్లటి, గుబురు జూలు సింహం వేరు. ఇది కొంచెం బక్కగా, పనిలోకి దిగిన మనిషిలా ఉంటుంది. నాకైతే ఇదే అందంగా అనిపించింది.

ఆ అడవి మధ్యలో బాణేజ్ అనే చోట శివాలయం ఉంది. అక్కడ ఉండే పూజారి ఒక్కడికీ ఓటుంది. ఎన్నికలొచ్చినప్పుడు ఆ ఒక్క ఓటు కోసం సిబ్బంది మొత్తం అడవిలోకి వెళ్ళి పోలింగ్ బూత్ పెడతారు. నూటికి నూరు శాతం పోలింగ్ అయ్యే బూత్ దేశంలో ఏదైనా ఉందంటే అదే. (నవ్వులు) సింహాలకి ఓటు లేదు గానీ, ఉండుంటే ఈ ప్రసంగం అవసరం ఉండేది కాదేమో.

సరే, అసలు సంగతికి వస్తాను. గిర్‌ని కాపాడింది ఎవరు? నవాబు ఒక కారణం, ప్రభుత్వం ఒక కారణం. కానీ ఆ అడవిలో తరతరాలుగా ఉన్న మాల్ధారీలను వదిలేస్తే కథ సగమే. మాల్ అంటే పశు సంపద, అది ఉన్నవాళ్ళు మాల్ధారీలు. వాళ్ళ ఆవాసాన్ని నెస్ అంటారు. ఒక నెస్‌లోకి నన్ను తీసుకెళ్ళారు. చుట్టూ మనిషెత్తు ముళ్ళకంప, లోపల మట్టి ఇళ్ళు నాలుగో అయిదో, ఇళ్ళ కన్నా ఎక్కువ చోటు గేదెలకి. జాఫ్రాబాదీ గేదెలు. మన గేదెల కొమ్ములు వెనక్కి వంపు తిరిగితే, వాటివి చెవుల పక్కనుంచి కిందికి వాలి మళ్ళీ చుట్టుకుంటాయి. నుదురు చూస్తే రుబ్బురోలు బోర్లించినట్టుంటుంది. పెద్దాయన చాయ్ ఇచ్చాడు, సాసర్‌లో పోసుకుని తాగమన్నాడు. అంత చిక్కటి పాల చాయ్ నేను జన్మలో తాగలేదు.

"సింహం వస్తే భయం లేదా?" అని అడిగాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. గేదెలు సింహాన్ని చూస్తే చెల్లాచెదురు కావట, దూడల్ని లోపలికి తోసి, కొమ్ములు బయటికి పెట్టి, గుంపంతా కలిసి ముందుకు నడుస్తాయట. సింహమే పక్కకి తప్పుకుంటుందట. "మరి ఎప్పుడూ చంపలేదా?" అన్నాను. "ఎందుకు చంపదు? ముసలిది, కుంటిది, గుంపు నుంచి విడిపోయింది దొరికితే తింటుంది. దానికీ పిల్లలుంటాయి కదా" అన్నాడు. ఆయన దగ్గర ఆయుధం అంటూ ఉంటే చేతికర్ర ఒక్కటే.

నేను ఈ మాట విని మురిసిపోయి, ఊరికొచ్చి అందరికీ చెప్పాను. తర్వాత చదువుతుంటే తెలిసింది, విషయం అంత తియ్యగా లేదని. 1970ల మొదట్లో పాల్ జోస్లిన్ అనే పరిశోధకుడు సింహాల తిండి లెక్కగట్టాడు. అందులో నాలుగింట మూడు వంతులు మాల్ధారీల, చుట్టుపక్కల ఊళ్ళ పశువులే. అంటే ఆ రోజుల్లో సింహాన్ని మేపింది అడవి కాదు, పేదవాడి దొడ్డి. పశువులు అడవిని మేసేశాయి, జింకలకి గడ్డి లేదు, సింహానికి జింక లేదు. అందుకని 1972 నుంచి మాల్ధారీ కుటుంబాలను బయటికి తరలించడం మొదలుపెట్టారు. ఎనిమిది వందల పైచిలుకు కుటుంబాలుంటే సగానికి పైగా బయటికి వెళ్ళాయి. గడ్డి పెరిగింది, చుక్కల దుప్పులు పెరిగాయి, కణుజులనే పెద్ద దుప్పులు పెరిగాయి. సింహం తిండిలో పశువుల వాటా బాగా తగ్గింది. అడవికి మేలు జరిగింది, ఒప్పుకోవాలి. కానీ బయట ఇచ్చిన భూముల్లో, ఎన్నడూ నాగలి పట్టని ఆ పశువుల కాపరుల్లో చాలామంది నిలదొక్కుకోలేకపోయారు. సింహాల లెక్క పెరిగిందని చెప్పే ప్రతిచోటా ఈ లెక్క కూడా పక్కనే చెప్పాలని నేను పట్టుబడతాను.

కంప దాటి బయటికొస్తే రైతులు. ఇప్పుడు సగానికి పైగా సింహాలు గిర్ నేషనల్ పార్కు, అభయారణ్యం హద్దుల బయటే ఉంటున్నాయి. గిర్ సోమనాథ్, అమ్రేలి, భావ్‌నగర్, అలా మొత్తం 11 జిల్లాల్లో సుమారు 35,000 చదరపు కిలోమీటర్ల మేర తిరుగుతున్నాయి. చెరకు తోటలో, మామిడి తోటలో పగలంతా పడుకుంటాయి, చీకటి పడ్డాక ఊళ్ళోకి వస్తాయి. రైతు దాన్ని ఎందుకు భరిస్తాడు? అక్కడి రైతుని అడిగితే భక్తి మాట తర్వాత చెబుతాడు, ముందు వేరుశనగ మాట చెబుతాడు. మనుబోతులు, అడవిపందులు చేలో పడితే రాత్రికి రాత్రి పంట నాశనం. సింహం తిరిగే చేలో అవి దిగడానికి జంకుతాయి. అంటే జీతం లేని కాపలాదారు. పశువుని చంపితే ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. ఆలస్యమవుతుందని గొణుగుతారు, అయినా ఇస్తుంది.

అలాగని అంతా సర్దుబాటే అనుకోకండి. 1987-88 కరువు తర్వాత మనుషుల మీద సింహాల దాడులు బాగా పెరిగాయి. మనుషులు చచ్చిపోయారు. అంతకుముందు టూరిస్టులకి చూపించడం కోసం ఎర కట్టి సింహాలను పిలిచే అలవాటు కూడా ఒకటుండేది. మనిషి కనపడితే తిండి దొరుకుతుందని ఒక అడవి జంతువుకి నేర్పడం ఎంత తెలివి తక్కువ పనో చూడండి. అది మానేశారు, మంచిదయింది.

అమ్రేలి వైపు ఒక రైతు నాకు తన బావి చూపించాడు. సౌరాష్ట్ర పొలాల్లో బావులు వేలకి వేలు. చాలావాటికి ఒడ్డున గోడ ఉండదు, నేల మట్టానికే ఉంటాయి. చీకట్లో జింకనో, దూడనో తరుముతూ వచ్చిన సింహం నేరుగా అందులోకే. ఆయన బావిలో పడింది ఒక సివంగి. తెల్లారి మోటారు వెయ్యడానికి వెళ్తే లోపలినుంచి గుర్రుమంది. ఫారెస్టు వాళ్ళు వచ్చేలోపు అది ఈది ఈది అలసిపోతోందని, ఊళ్ళోవాళ్ళు నులకమంచానికి నాలుగు మూలలా తాళ్ళు కట్టి కిందికి దింపారట. అది మంచమెక్కి కూర్చుంది. "మా అమ్మ పడుకునే మంచం" అన్నాడాయన. తర్వాత రెస్క్యూ వాళ్ళొచ్చి పైకి తీశారు. ఇప్పుడా బావికి నడుమెత్తు పిట్టగోడ ఉంది. అటవీ శాఖ అలా చాలా బావులకి గోడలు కట్టించింది. నేను ఆ గోడ మీద చెయ్యి వేసి చూశాను. సిమెంటు గరుగ్గా ఉంది, పైన కోడిపిల్లలు నడుస్తున్నాయి. సింహాన్ని కాపాడటం అంటే మనం తుపాకులు, జీపులు, వాకీటాకీలు ఊహించుకుంటాం. చాలాసార్లు అది నడుమెత్తు సిమెంటు గోడ.

రైలు పట్టాల మీద చచ్చిపోయినవీ ఉన్నాయి. పిపావావ్ రేవుకి వెళ్ళే గూడ్సు లైను సింహాలు తిరిగే చోటు మధ్యలోంచే పోతుంది. చేలకి దొంగచాటుగా కట్టిన కరెంటు తీగలు తగిలి చచ్చినవీ ఉన్నాయి. 2007లో వేటగాళ్ళు ఎముకల కోసం, గోళ్ళ కోసం ఉచ్చులు పెట్టి చంపారు. ఆ ఏడాదే గిర్‌లో ఆడవాళ్ళని కూడా ఫారెస్ట్ గార్డులుగా తీసుకోవడం మొదలైంది. ఇప్పుడు వాళ్ళు బైకుల మీద బీట్ తిరుగుతుంటారు. దెబ్బ తగిలిన సింహాన్ని బోనెక్కించడంలో, చిరుతని బావిలోంచి తియ్యడంలో వాళ్ళు మగవాళ్ళకి ఏమాత్రం తీసిపోరు.

ఇప్పుడు కుక్కల సంగతి.

2018 సెప్టెంబరు. గిర్ తూర్పు వైపు దల్ఖాణియా రేంజి. సింహాలు ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపడి కనిపించడం మొదలైంది. మొదట్లో, వాటిలో అవి కొట్టుకుని చచ్చాయి అన్నారు. మగసింహాలు హద్దుల కోసం కొట్టుకోవడం, కొత్త మగది వచ్చి పాత వాటి పిల్లల్ని చంపడం మామూలే కాబట్టి ఆ మాట నమ్మేట్టుగానే ఉంది. కానీ లెక్క ఆగలేదు. మూడు వారాలు తిరిగేసరికి 23. పుణేలోని వైరాలజీ సంస్థ పరీక్షల్లో బయటపడింది కెనైన్ డిస్టెంపర్ వైరస్. పేరులోనే ఉంది, కెనైన్ అంటే కుక్కలది. ఊరకుక్కల్లో తిరిగే జబ్బు. దానికి తోడు గోమార్లు అంటించే బెబీసియా అనే ఇంకో రోగం. పక్కనే ఉన్న సింహాలను పట్టుకుని విడిగా ఉంచారు, అమెరికా నుంచి టీకాలు తెప్పించి వేశారు. అక్కడితో ఆగింది.

ఆగింది కాబట్టి మనం మర్చిపోయాం. ఆగకపోతే? 1994లో ఇదే వైరస్ ఆఫ్రికాలో సెరెంగెటి మైదానంలోకి వచ్చింది. అక్కడ మూడు వేల సింహాలుంటే సుమారు వెయ్యి పోయాయి. సెరెంగెటిలో వెయ్యి పోయినా ఆఫ్రికాలో మిగతా చోట్ల సింహాలు ఉన్నాయి. గిర్‌కి 'మిగతా చోట్లు' అనేది లేదు. పైగా మన సింహాలన్నీ ఒకప్పుడు మిగిలిన పిడికెడు జంతువుల సంతానం. వాటి మధ్య జన్యు వైవిధ్యం చాలా తక్కువని 1980ల్లోనే స్టీఫెన్ ఓబ్రయన్ బృందం రక్త పరీక్షలు చేసి చెప్పింది. ఒకదాన్ని పడగొట్టిన రోగం అన్నిటినీ పడగొట్టొచ్చు. ఎక్కడో అడవిలోనే కాదు, హైదరాబాద్ జూలో 2021 మేలో ఎనిమిది సింహాలకి కోవిడ్ వచ్చింది, గుర్తుందా? కోలుకున్నాయి. అక్కడ డాక్టర్లున్నారు, బోను ఉంది, ఎనిమిదే ఉన్నాయి. 35,000 చదరపు కిలోమీటర్లలో ఎవరు ఎవరి ముక్కులో పుల్ల పెట్టి చూస్తారు?

రోగమే అక్కర్లేదు. 2021లోనే, అదే మే నెలలో, తౌక్తే తుఫాను ఊనా దగ్గర తీరం దాటింది. గిర్‌లో లక్షల చెట్లు కూలాయి. అదృష్టం బాగుండి సింహాలకి పెద్దగా ఏం కాలేదు. రైతులున్నారు కదా ఇక్కడ, మీకు చెప్పక్కర్లేదు. పంటంతా ఒకే కళ్ళంలో కుప్పేసి, మబ్బు పట్టకూడదని మొక్కుకుంటూ కూర్చునే రైతుని మీరేమంటారు?

రెండో కళ్ళం కోసం ప్రయత్నం జరగలేదా అంటే, జరిగింది. 1957లో ఒక మగసింహాన్ని, రెండు ఆడసింహాలను ఉత్తరప్రదేశ్‌లో వారణాసి దగ్గర చంద్రప్రభ అడవికి తీసుకెళ్ళి వదిలారు. 1965 నాటికి పదకొండయ్యాయి. ఆ తర్వాత మాయం. ఏమయ్యాయో గట్టిగా ఎవరూ చెప్పలేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళని ఎవరూ అడిగినట్టు లేదు, తయారుచేసినట్టు లేదు. కంప లేని నెస్‌లో దూడని వదిలిన పని అది.

తర్వాత మధ్యప్రదేశ్‌లోని కూనో. తొంభైల్లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చోట్లన్నీ చూసి దాన్ని ఎంచారు. సింహాల కోసం అక్కడ 24 ఊళ్ళు ఖాళీ చేయించారు. ఎక్కువమంది సహరియా గిరిజనులు. గుజరాత్ మాత్రం ఇవ్వనంది. సింహం గుజరాత్ గర్వం అంది, కూనోలో వేటగాళ్ళున్నారంది, పులులు వస్తాయంది. కొన్ని అభ్యంతరాల్లో సరుకు ఉంది, కొన్నిటిలో పంతం ఉంది. 2013 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది, ఆరు నెలల్లో తరలించండి అని. ఆరు నెలలు. అది జరిగి ఇప్పటికి ఎన్నేళ్ళయిందో మీరే లెక్క చూసుకోండి. ఒక్క సింహం కదల్లేదు. 2022 సెప్టెంబరు 17న అదే కూనోకి నమీబియా నుంచి ఎనిమిది చీతాలు విమానంలో దిగాయి. నాకు చీతాల మీద కోపం లేదు, పాపం వాటికేం తెలుసు. కానీ సింహం వస్తుందని చెప్పి ఇల్లూ పొలం ఖాళీ చేయించిన ఆ సహరియా కుటుంబాలకి ఏమని చెప్పాలి? చిరునామా మారింది, సింహం బదులు చీతా వచ్చిందనా? వీధి వెడల్పు చేస్తామని ఇంటి ముందు గది కూల్చి, చివరికి అక్కడ ఇంకెవరికో షాపు పెట్టించినట్టుంది.

గుజరాత్ మాత్రం ఇంకో దారి చూపిస్తోంది. గిర్‌కి పడమరగా, పోరుబందర్ దగ్గర బర్డా అభయారణ్యం ఉంది. 2023 జనవరిలో ఒక మగసింహం ఎవరూ తీసుకెళ్ళకుండానే నడుచుకుంటూ అక్కడికి చేరింది. తర్వాత ఇంకొన్ని వచ్చాయి. 2025 లెక్కలో అక్కడ 17. అక్కడ సింహాలు 1879 తర్వాత మళ్ళీ ఇప్పుడే. సంతోషించాల్సిన సంగతే. కానీ బర్డా చిన్నది, 192 చదరపు కిలోమీటర్లు, అదీ అదే సౌరాష్ట్రలో. గిర్‌ని తాకిన తుఫాను దాన్నీ తాకగలదు. గిర్ కుక్కకి వచ్చిన రోగం పోరుబందర్ కుక్కకి రాదా? దాన్ని రెండో ఇల్లు అంటున్నారు. నన్నడిగితే అదే ఇంట్లో ఇంకో గది.

మైకు నా చేతిలో ఉంది కదా అని చాలాసేపు మాట్లాడాను. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: మేం వెళ్ళాలంటే ఎప్పుడు వెళ్ళాలి సార్?)

జూన్ 16 నుంచి అక్టోబరు 15 దాకా పార్కు మూసేస్తారు, వానాకాలం. మిగతా రోజుల్లో ఎప్పుడైనా. పర్మిట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి, సెలవు రోజుల్లో దొరకదు. గిర్ పక్కనున్న సాసణ్ అనే ఊళ్ళో దిగాలి. అడవిలో సింహం కనపడకపోతే డిల్లీ వెళ్ళి పార్లమెంటు చూడని వాడిలా బాధపడకండి, పక్కనే దేవలియాలో కంచె లోపలి సఫారీ ఉంది, అక్కడ దాదాపు కనపడతాయి. వెళ్తే మాత్రం డ్రైవరుని "ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి" అని వేధించకండి.

(సభలోంచి, ఒక పాప: గిర్‌లో చిరుతలు కూడా ఉన్నాయా తాతయ్యా? సింహాలు వాటిని ఏమీ చెయ్యవా?)

మంచి ప్రశ్న అడిగావమ్మా. ఉన్నాయి, చాలా ఉన్నాయి. రెండింటికీ అస్సలు పడదు. ఒకే జింక కోసం పోటీ. సింహానికి చిరుత పిల్ల దొరికితే చంపేస్తుంది. అది మామూలు. కానీ ఒకసారి మామూలుగా జరగలేదు.

2018 డిసెంబరు చివర్లో గిర్‌లో పరిశోధన చేస్తున్నవాళ్ళకి ఒక ఆడసింహం కనపడింది. దానితో మూడు పిల్లలు. అందులో రెండు దానివే, మూడు నెలల వయసు. మూడోదానికి ఒళ్ళంతా చుక్కలు. చిరుత పిల్ల, రెండు నెలలుంటుందేమో. చంపేస్తుందేమో అని చూస్తూ కూర్చున్నారు. చంపలేదు. పాలిచ్చింది. తన పిల్లలకి వేట మాంసం తెచ్చిపెట్టినట్టే దానికీ పెట్టింది. ఆ చుక్కల పిల్ల సింహం పిల్లలతో కలిసి ఆడింది, వాటి వెనకే నడిచింది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, నెలన్నర. మిగతా సింహాలు దగ్గరికి వస్తే ఈ తల్లి తన పిల్లలతో పాటు దాన్ని కూడా దూరంగా తీసుకెళ్ళిపోయేది. అది తన పిల్ల కాదని దానికి తెలుసో తెలీదో నేను చెప్పలేను.

తర్వాత ఏమయింది అంటావా? ఫిబ్రవరిలో ఒక నీటి గుంట పక్కన ఆ చిరుత పిల్ల చచ్చిపడి కనిపించింది. ఏ సింహమో కొరికేసి ఉంటుందనుకున్నారు. పోస్ట్‌మార్టం చేస్తే ఒంటి మీద కాటు లేదు. పుట్టుకతోనే దానికి హెర్నియా ఉందట తల్లీ. దానివల్ల పోయింది.